తెలియని విషయాన్ని చెక్ చేసుకునేదెలా: మెడిసిన్ చదువు, ఏఐ, నా ఆలోచనలు

ఏఐ వాడొచ్చా వాడకూడదా అని జూనియర్స్ అడుగుతూనే ఉంటారు, కానీ ఆ ప్రశ్నకి టైమ్ ఎప్పుడో దాటిపోయింది. 2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది, రెండు మూడు నెలలు తిరక్కుండానే అది అమెరికా మెడికల్ లైసెన్సింగ్ పరీక్ష ప్రశ్నల్లో పాస్ మార్కు చుట్టుపక్కల స్కోర్ చేసిందని పేపర్ కూడా వచ్చేసింది, ఇప్పుడు లైబ్రరీలో ఏ టేబుల్ దగ్గర చూసినా పుస్తకం పక్కన ఒక చాట్ విండో తెరిచే ఉంటోంది. మెడిసిన్ వాళ్లనే కాదు, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, పబ్లిక్ హెల్త్, ఎవరైనా అంతే. నేనూ రోజూ వాడతా. కాబట్టి వాడకండి అని చెప్పడానికి ఈ పోస్ట్ రాయట్లేదు.

నా మనసులో తిరుగుతున్న విషయం వేరే. ఎవర్ని అడిగినా ఒకటే సలహా ఇస్తారు, "వాడుకోండి, కానీ చెక్ చేసుకోండి" అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చెక్ చేయాల్సింది ఎవరు, దేన్ని పట్టుకుని చెక్ చేయాలి? ఇరవై ఏళ్లు ప్రాక్టీస్ చేసిన ఫిజీషియన్‌కి ఒక తప్పు డోస్ కనపడితే కన్ను అక్కడే ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో వెంటనే చెప్పలేకపోయినా సరే ఆగుతుంది, ఎందుకంటే ఆ మందు ఆయన కొన్ని వందలసార్లు రాసి ఉంటారు. మనకి ఆ ఆగడం ఇంకా రాలేదు. అది రావడానికే కదా చదువుతున్నాం. తప్పు జవాబు, కరెక్ట్ జవాబు మనకి ఒకేలా కనిపిస్తాయి, ఒకే ఫాంట్, ఒకే ధైర్యం, ఒకే చక్కటి బుల్లెట్ పాయింట్స్. అందుకే డాక్టర్ బాధ్యతగా వాడటం వేరు, స్టూడెంట్ బాధ్యతగా వాడటం వేరు అని నేను గట్టిగా నమ్ముతున్నా. వాళ్లకి సరిపోయే రూల్స్ తెచ్చి మనకి పెడితే సరిపోవు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తా, ఎందుకంటే మన బ్యాచ్‌లో కూడా చాలామంది ఇది ఎక్కడో ఉన్న టెక్స్ట్‌బుక్ తెరిచి చూసి చెప్తుందని అనుకుంటున్నారు. లాంగ్వేజ్ మోడల్ ప్రాథమికంగా చేసేది ఏంటంటే, ఇప్పటిదాకా ఉన్న మాటల తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కేసి ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ పోవడం. కొన్నిటికి వెబ్ సెర్చ్ ఉంది, కొన్ని సోర్స్ లింకులు కూడా ఇస్తాయి, అయినా చివరికి వాక్యం తయారయ్యేది అలాగే. అందుకే తప్పు చెప్పేటప్పుడు దానికి గొంతు తడబడదు. వైవాలో మనం తెలియక ఏదో చెప్తుంటే ఎగ్జామినర్‌కి మన మొహం చూస్తేనే తెలిసిపోతుంది, ఇక్కడ చూడ్డానికి మొహమే లేదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ గూగుల్ వాళ్ల మెడికల్ ఏఐ మెడ్-జెమినీది. 2024లో వచ్చిన వాళ్ల రీసెర్చ్ పేపర్‌లో ఆ ఏఐ రాసిన ఒక హెడ్ సీటీ రిపోర్ట్ ఉదాహరణగా పెట్టారు, అందులో "బేసిలార్ గాంగ్లియా"లో పాత ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిపోయిన భాగం) ఉందని ఉంది. మెదడులో బేసల్ గాంగ్లియా ఉంది, బేసిలార్ ఆర్టరీ ఉంది, బేసిలార్ గాంగ్లియా అనేది అసలు లేనే లేదు. రెండు నిజమైన పేర్లు కలిసిపోయి లేని అవయవం ఒకటి పుట్టింది. అంతమంది రాసి, అంతమంది చదివిన పేపర్‌లో అది అలాగే ఉండిపోయింది, 2025లో వార్తల్లోకి వస్తే కంపెనీ అది టైపో అంది. టైపోనే అనుకుందాం, కానీ మనకి అందులో ఉన్న పాఠం మాత్రం చిన్నది కాదు, బేసల్ గాంగ్లియాకి రక్తం ఎక్కువగా మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ నుంచి వచ్చే లెంటిక్యులోస్ట్రయేట్స్ అనే సన్నటి రక్తనాళాల ద్వారా వస్తుంది, బేసిలార్ ఆర్టరీ సంగతంతా బ్రెయిన్‌స్టెమ్ వైపు, ఒకటి పోతే వచ్చే లక్షణాలు వేరు, రెండోది పోతే వచ్చే లక్షణాలు వేరు. ఫస్ట్ ఇయర్ స్టూడెంట్ దగ్గరికి ఆ లైన్ వస్తే ఏం చేస్తాడు? అండర్‌లైన్ చేసి నోట్స్‌లో రాసుకుంటాడు. తప్పు అతనిది కాదు, అతనికి అనుమానం రావడానికి కావాల్సిన అనాటమీ ఇంకా అతని దగ్గర లేదు.

కాబట్టి నేను పెట్టుకున్న మొదటి గీత ఇది, అంకె ఏదైనా సరే దీని దగ్గర తీసుకోను. డోస్, కటాఫ్, యూనిట్, ఇన్‌ఫ్యూజన్ రేట్, పిల్లల్లో కిలోకి ఎంత, కిడ్నీ దెబ్బతింటే ఎంత తగ్గించాలి, ఏదీ. ఫార్ములరీ (మందుల డోసులు ఉండే రిఫరెన్స్ పుస్తకం), మందు ప్యాక్‌లో వచ్చే లీఫ్‌లెట్, హాస్పిటల్ ప్రోటోకాల్, గైడ్‌లైన్ ఒరిజినల్ డాక్యుమెంట్, వీటిలో ఒకటి తెరిచి కళ్లతో చూడాల్సిందే. ఇంత పట్టుదల ఎందుకంటే మన సబ్జెక్ట్‌లో కొన్ని తప్పులు ఒక్క మాట తేడాతో జరుగుతాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, అదే పొరపాటున రోజూ అని రాస్తే బోన్ మ్యారో పడిపోయి మనిషి చనిపోవచ్చు, చనిపోయినవాళ్లు ఉన్నారు. అనాఫిలాక్సిస్‌లో, అంటే ప్రాణం మీదికొచ్చే అలర్జీలో, పెద్దవాళ్లకి అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు కండరంలోకి, 1:1000 స్ట్రెంగ్త్‌లో, అదే కార్డియాక్ అరెస్ట్‌లో 1 మిల్లీగ్రాము సిరలోకి, మామూలుగా 1:10,000 స్ట్రెంగ్త్‌లో. మందు ఒకటే, రూట్, డోస్, స్ట్రెంగ్త్ అన్నీ వేరు, పేరాగ్రాఫ్‌లో ఇవి అటూ ఇటూ అయినా వాక్యం మాత్రం చాలా నీట్‌గానే చదవబడుతుంది. అదే నా భయం.

అంకెలతో ఇంకో చిక్కు కూడా ఉంది, అవి కాలంతో పాటు మారతాయి, దేశాన్ని బట్టి మారతాయి. బీపీ ఎంత దాటితే హైపర్‌టెన్షన్ అని అడిగితే, 2017 అమెరికన్ గైడ్‌లైన్ ప్రకారం 130/80, యూరోపియన్ వాళ్లది 140/90. ఏ గైడ్‌లైన్ అని చెప్పకుండా అడిగితే వచ్చే జవాబులో రెండూ కలగాపులగం అయ్యే ఛాన్స్ ఉంది, డెఫినిషన్ ఒకదాని నుంచి, ట్రీట్‌మెంట్ టార్గెట్ ఇంకోదాని నుంచి. కిడ్నీ పనితీరు లెక్కేసే ఈజీఎఫ్ఆర్ ఇంకా మంచి ఉదాహరణ. 2009 ఫార్ములాలో పేషెంట్ నల్లజాతివాళ్లా కాదా అనే లెక్క ఒకటి ఉండేది, 2021లో దాన్ని తీసేసి కొత్త ఫార్ములా ఇచ్చారు. 2023లో ఒక టీమ్ నాలుగు ఏఐ మోడల్స్‌ని ఇలాంటి ప్రశ్నలే అడిగి చూస్తే, కిడ్నీ లెక్కల్లోనూ లంగ్ కెపాసిటీలోనూ జాతిని బట్టి తేడాలు చెప్పే పాత, తప్పని తేలిన విషయాలు మళ్లీ పైకి తెచ్చాయి. ఇంటర్నెట్‌లో పాత పాఠం దశాబ్దాల తరబడి పేరుకుని ఉంది, కొత్తది మొన్న వచ్చింది, అంత పాఠంలోంచి నేర్చుకున్న మోడల్ పాతవైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ జవాబు నేర్చుకుని వార్డ్‌కి వెళ్లేది మనం, దాని ఫలితం పడేది ఎదురుగా ఉన్న పేషెంట్ మీద.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే విషయానికి వస్తా. తప్పు జవాబు ప్రమాదం అని అందరికీ తెలుసు. కరెక్ట్ జవాబు కూడా మనకి నష్టం చేయగలదు, అది మరీ త్వరగా వస్తే.

టర్కీలో హైస్కూల్ పిల్లల మీద ఒక స్టడీ జరిగింది, దాదాపు వెయ్యిమంది, మ్యాథ్స్. 2025లో పీఎన్ఏఎస్ జర్నల్‌లో వచ్చింది. కొంతమందికి మామూలు చాట్ లాంటి జీపీటీ-4 ఇచ్చారు, ప్రాక్టీస్ చేసేటప్పుడు వాళ్ల మార్కులు 48 శాతం పెరిగాయి, తర్వాత అది తీసేసి పరీక్ష పెడితే అసలు ఏఐ ముట్టుకోని పిల్లలకన్నా 17 శాతం తక్కువ వచ్చాయి. ఇంకో గ్రూప్‌కి జవాబు చెప్పకుండా హింట్స్ మాత్రమే ఇచ్చేలా మార్చిన వెర్షన్ ఇచ్చారు, వాళ్లకి ఆ నష్టం దాదాపు జరగలేదు. మ్యాథ్స్ వేరు మెడిసిన్ వేరు అనొచ్చు, ఒప్పుకుంటా, కానీ గుర్తు తెచ్చుకోడానికి కష్టపడితేనే గుర్తుంటుందన్నది మన చదువుకీ వర్తించేదే, చదివిందే మళ్లీ చదవడంకన్నా మూసేసి గుర్తు తెచ్చుకోవడం వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లోనే చక్కటి ప్రయోగంతో చూపించారు. చాట్ విండో మన దగ్గర లాక్కునేది సరిగ్గా ఆ కష్టాన్నే. తెలియక ఇబ్బందిపడే ఆ రెండు మూడు నిమిషాలు ఉంటాయే, అవి వేస్ట్ అనిపిస్తాయి కానీ చదువు బుర్రకెక్కేది అక్కడే.

అందుకని నేను చేసేది ఏంటంటే ముందు పేపర్ మీద నా జవాబు రాస్తా. ఉదాహరణకి ప్రాక్టీస్ కేస్ ఒకటి అనుకుందాం, పాతికేళ్ల అమ్మాయి, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీసుకుంటే గుచ్చినట్టు ఛాతీ నొప్పి. మూడు డిఫరెన్షియల్స్, అంటే కారణమై ఉండగల జబ్బులు, రాస్తా, పల్మనరీ ఎంబోలిజం (ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం), న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), ప్లూరసీతో (ఊపిరితిత్తి పొర వాపుతో) న్యుమోనియా, ఒక్కోదాని పక్కన ఎందుకు అనుకుంటున్నానో, ఇంకా ఏం అడగాలో రాస్తా, కాంట్రాసెప్టివ్ పిల్స్ వాడుతోందా, ఈమధ్య సర్జరీ గానీ గంటల తరబడి కదలకుండా కూర్చునే ప్రయాణం గానీ ఉందా, ఒక కాలు వాచిందా, జ్వరం ఉందా. ప్రెగ్నెన్సీ టెస్ట్ సంగతేంటి. అది అయ్యాకే చాట్ తెరుస్తా. తెరిచాక కూడా నా జవాబు దానికి ముందే చెప్పను, ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఈ మోడల్స్‌కి మనతో ఏకీభవించే గుణం ఉంది, "ఇది న్యుమోనియానే కదా" అని అడిగితే న్యుమోనియాకి అనుకూలంగా ఉన్నవన్నీ ఏరి చూపిస్తుంది, అదే కేస్‌కి కొత్త చాట్‌లో "ఇది ఎంబోలిజమే కదా" అంటే అటువైపు లాగుతుంది. వార్డ్‌లో దీన్నే యాంకరింగ్ అంటారు, మొదట తట్టినదానికే అతుక్కుపోవడం, ఏఐ మన యాంకర్‌ని ఇంకా లోతుగా దించుతుంది. అందుకే ఫైండింగ్స్ మాత్రమే ఇచ్చి, విడిగా జవాబు తీసుకుని, నా పేపర్ పక్కన పెట్టి చూస్తా. తేడా ఎక్కడుందో అక్కడ పుస్తకం తెరుస్తా. ఆ తర్వాత కావాలంటే నా రీజనింగ్ ఇచ్చి "దీనికి వ్యతిరేకంగా వాదించు" అంటా, అప్పుడది నిజంగా పనికొస్తుంది.

పైగా ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే మెడికల్ జర్నల్‌లో ఒక ట్రయల్ వచ్చింది, 50 మంది డాక్టర్లు, సగంమందికి మామూలు రిసోర్సులు, సగంమందికి వాటితో పాటు జీపీటీ-4. డయాగ్నస్టిక్ రీజనింగ్ స్కోర్లు 74 శాతం, 76 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏఐ ఒక్కటే చేస్తే మామూలు గ్రూప్‌కన్నా 16 పాయింట్లు ఎక్కువ వచ్చింది. ఆ చివరి ముక్క పట్టుకుని ఇక డాక్టర్లు ఎందుకు అని హెడ్డింగులు పెట్టారు, దీన్ని డాక్టర్ లేకుండా వాడేయొచ్చని అర్థం చేసుకోకండి అని ఆ పేపర్ రాసినవాళ్లే చెప్పినా. నేను ఆ స్టడీలో చూసింది వేరే. ఏఐకి ఇచ్చింది అప్పటికే శుభ్రంగా రాసి పెట్టిన కేసులు, హిస్టరీ, ఎగ్జామినేషన్, ల్యాబ్స్ అన్నీ వరసగా. ఆ వరస ఎవరు తయారుచేశారు? బెడ్ పక్కన కూర్చుని, పేషెంట్ చెప్పే పది విషయాల్లో ఏది ముఖ్యమో ఏరి, చెప్పనిది అడిగి రాబట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ఎవరో రాస్తేనే అది కేస్ అయింది. "ఛాతీలో నొప్పా అండీ" అంటే లేదంటారు, "బరువుగా ఉంటుందా" అంటే అవును అంటారు, ఆ తేడా రాబట్టడం నేర్చుకోడానికే మనల్ని అన్ని పోస్టింగ్స్‌లో తిప్పుతున్నారు. పేషెంట్ దగ్గరికి వెళ్లకముందే కేస్ టైటిల్ చూసి ఏఐని ప్రశ్నల లిస్ట్ అడిగి, అది పట్టుకుని వెళ్లి టిక్కులు పెట్టుకొచ్చే అలవాటు మొదలైంది కొంతమందిలో, దాన్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. లిస్ట్‌లో లేనిది పేషెంట్ చెప్తుంటే తల ఎత్తి వినట్లేదు.

అనుభవం ఉన్నవాళ్లకే ఉన్న నైపుణ్యం తగ్గే ప్రమాదం ఉందని కూడా 2025లో పోలండ్ నుంచి ఒక స్టడీ వచ్చింది. అది జెనరేటివ్ ఏఐ కాదు, కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగుని కెమెరాతో చూసేటప్పుడు, అడినోమా (క్యాన్సర్‌గా మారగల చిన్న గడ్డ) కనిపెట్టడానికి సాయపడే వేరే రకం. వేలకొద్దీ ప్రొసీజర్లు చేసిన ఎండోస్కోపిస్టులు దానికి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసినప్పుడు అడినోమా దొరికిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. అబ్జర్వేషనల్ స్టడీ కాబట్టి వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ వాళ్ల విషయంలో ఉన్న స్కిల్ తగ్గింది, మన విషయంలో అసలు రాకుండానే పోతుంది, వచ్చిందో లేదో కూడా మనకి తెలియదు, అది ఇంకా దారుణం.

ఇక పేషెంట్ వివరాలు. దీంట్లో మాత్రం నేను కొంచెం కఠినంగానే మాట్లాడతా. కేస్ షీట్ ఫోటో తీసి చాట్‌లో పెట్టి "సమ్మరీ ఇవ్వు" అనడం, ఎక్స్‌రే ఫోటో పెట్టి "ఏముంది ఇందులో" అనడం, డిశ్చార్జ్ సమ్మరీ మొత్తం కాపీ పేస్ట్ చేయడం, ఇవి జరుగుతున్నాయి, చాలా మామూలుగా జరుగుతున్నాయి. పేరు కొట్టేశాం కదా అంటారు. పేరు ఒక్కటే కాదు. పేషెంట్ వివరాల గోప్యత కోసం అమెరికాలో ఉన్న హిపా రూల్స్‌లో ఒక పద్ధతి ప్రకారం డేటా నుంచి 18 రకాల గుర్తులు తీసేయాలి, అందులో అడ్మిషన్ తేదీ ఉంది, ఫోన్ నంబర్, రికార్డ్ నంబర్, మొహం కనిపించే ఫోటో ఉన్నాయి, 89 దాటిన వయసు కూడా ఉంది. అవన్నీ తీసేసినా అరుదైన జబ్బు, వృత్తి, ఊళ్లో అందరికీ తెలిసిన ప్రమాదం, ఈ మూడూ కలిస్తే ఆ మనిషెవరో పక్కవాళ్లు చెప్పేయగలరు. ఎక్స్‌రే మూలన పేరు ప్రింట్ అయి ఉంటుంది, స్కాన్లు, ఎక్స్‌రేలు దాచే డైకామ్ ఫైల్ అయితే కంటికి కనిపించకుండా లోపలే పేరూ పుట్టిన తేదీ ఉంటాయి. కొన్ని సర్వీసుల్లో మనం టైప్ చేసింది ట్రైనింగ్‌కి కూడా వాడొచ్చని సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఆఫ్ చేసుకునే దారి ఉన్నా చాలామంది ఒక్కసారి కూడా తెరిచి చూడరు. ఆ మనిషి తన హెచ్ఐవీ గురించో అబార్షన్ గురించో మనకి చెప్పింది మనం తెల్లకోటు వేసుకుని ఎదురుగా నిలబడ్డాం కాబట్టి, ఆ కోటుని నమ్మి. హిపోక్రటిక్ ఓత్ పాత రూపంలోనే ఈ గోప్యత మాట ఉంది. మన సమ్మరీ త్వరగా అయిపోతుందని ఆ నమ్మకాన్ని ఎవరిదో తెలియని సర్వర్‌కి పంపే హక్కు మనకి లేదు.

మరి కేస్ అర్థం కాకపోతే? కేస్‌లో అర్థంకాని కాన్సెప్ట్ అడగండి, కేస్‌ని కాదు. "సిర్రోసిస్‌లో సోడియం ఎందుకు తగ్గుతుంది" అని అడగడానికి ఆ పేషెంట్ సోడియం ఎంతో, బెడ్ నంబర్ ఎంతో అక్కర్లేదు. ఆ ఒక్క పేషెంట్‌కి ఏం చేయాలన్నది సీనియర్‌ని అడగాల్సిన ప్రశ్న. హాస్పిటలే అనుమతించి, తన సిస్టమ్‌లో పెట్టిన టూల్ ఉంటే అది వేరే సంగతి, అక్కడ కూడా స్టూడెంట్‌కి పర్మిషన్ ఉందో లేదో ముందు అడగాలి.

రికార్డ్స్ గురించి ఇంకొకటి, నాకు బాగా కోపం తెప్పించేది. "నార్మల్ సివిఎస్ ఎగ్జామినేషన్ రాసివ్వు" అంటే, అంటే గుండె పరీక్ష నార్మల్ అని రాసివ్వమంటే, ఏఐ అర సెకనులో రాసిస్తుంది, ఎస్1 ఎస్2 (గుండె మామూలు చప్పుళ్లు) వినిపించాయి, మర్మర్స్ (ఉండకూడని అదనపు చప్పుళ్లు) లేవు, జేవీపీ (మెడ సిరలో ఒత్తిడి) పెరగలేదు, అన్నీ. చాలా అందంగా ఉంటుంది. కానీ స్టెత్ పెట్టకుండా రాసిన "మర్మర్స్ లేవు" అనేది అబద్ధం, అది లాగ్‌బుక్‌లో ఉన్నంతవరకు మన చదువుకి నష్టం, కేస్ షీట్‌లోకి వెళ్తే ఒక మనిషికి నష్టం, ఎందుకంటే తర్వాత వచ్చిన డాక్టర్ ఆ లైన్‌ని నమ్మి గుండె వాల్వ్ సంగతి పట్టించుకోకపోవచ్చు. చేయని ఎగ్జామినేషన్ రాయడం ఏఐ రాకముందు కూడా ఉంది, ఏఐ దాన్ని మరీ సులువు చేసింది.

రిఫ్లెక్షన్స్ కూడా అంతే. వార్డ్‌లో మొదటిసారి ఒక మరణం చూసినప్పుడు నీకేమనిపించిందో రాయమంటే అది కూడా చాట్‌తో రాయించేవాళ్లున్నారు. మార్కులు వస్తాయి. కానీ ఆ రాయడం మన కోసం పెట్టింది, రాస్తూ ఉంటేనే లోపల ఉన్నది కొంచెం బయటికొస్తుంది, ఇలాంటివి లోపలే పెట్టుకుని కుంగిపోయినవాళ్లు మన ఫీల్డ్‌లో తక్కువేం లేరు. గ్రామర్ తప్పులతో రెండు లైన్లు రాసినా సరే సొంతంగా రాయండి, ప్లీజ్.

రీసెర్చ్ వైపు వెళ్తే కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తా. 2023లో చాట్‌జీపీటీ చేత 30 చిన్న మెడికల్ పేపర్లు రాయించి అందులో ఉన్న 115 రిఫరెన్సులు చెక్ చేస్తే 47 శాతం అసలు లేనివే, 46 శాతం ఉన్నవే గానీ వివరాలు తప్పు, పూర్తిగా కరెక్ట్ 7 శాతం. అది పాత వెర్షన్, ఇప్పుడు సెర్చ్ ఉన్నవి మెరుగయ్యాయి, కానీ ఉన్న పేపర్‌నే ఇచ్చి అందులో లేని మాట అందులో ఉందని చెప్పడం ఇంకా ఉంది, అది పట్టుకోవడం మరీ కష్టం, పేపర్ తెరిచి చదివితే తప్ప దొరకదు. 2024లో రేడియాలజీ కేస్ రిపోర్ట్స్ జర్నల్‌లో అచ్చయిన ఒక రిపోర్ట్ చివర్లో, నేను ఏఐ లాంగ్వేజ్ మోడల్‌ని, పేషెంట్ వివరాలు నా దగ్గర లేవు అనే అర్థం వచ్చే వాక్యం అలాగే ఉండిపోయింది, తర్వాత దాన్ని తీసేశారు. నెలల పసిబిడ్డ కేస్ అది. రాసినవాళ్లు, రివ్యూ చేసినవాళ్లు, ఎవరూ చివరిదాకా చదవలేదనే కదా అర్థం. జర్నల్ ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ 2023లోనే చెప్పింది, ఏఐని ఆథర్‌గా పెట్టకూడదు, వాడితే ఎలా వాడారో రాయాలి, తప్పులకి బాధ్యత మనుషులదే అని. అసైన్‌మెంట్‌కి కూడా నేను అదే పద్ధతి పాటిస్తా, ఎక్కడ వాడానో చివర ఒక లైన్ రాస్తా. ఇంకోవైపు చూస్తే రాసింది ఏఐనా మనిషా అని చెప్పే ఏఐ డిటెక్టర్లని నమ్మి స్టూడెంట్స్‌ని దోషులుగా నిలబెట్టడం అన్యాయం, 2023లోనే ఏడు డిటెక్టర్ల మీద చేసిన స్టడీలో ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని ఏఐ రాసిందని ముద్రేశాయి. మనలాంటివాళ్ల మీదే పడుతుంది ఆ దెబ్బ. డ్రాఫ్టులు, వెర్షన్ హిస్టరీ దాచుకోండి, రేపు అడిగితే చూపించొచ్చు.

ఇంత చెప్పాక మళ్లీ గుర్తుచేస్తున్నా, నేను రోజూ వాడతా. దేనికంటే, ఫిజియాలజీలో ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా చెప్పించుకోడానికి, యాసిడ్ బేస్ లాంటివి అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చెప్తుంది. నా నోట్స్ ఇచ్చి వాటిలోంచి ఎంసీక్యూలు అడిగించుకోడానికి. "జవాబు చెప్పకు, నేను తప్పు చెప్తే ఎందుకు తప్పో అర్థమయ్యేలా ఇంకో ప్రశ్న అడుగు" అంటే మంచి ట్యూటర్ అవుతుంది, పైన చెప్పిన హింట్స్ వెర్షన్ మనమే తయారుచేసుకున్నట్టు. కమ్యూనికేషన్ ప్రాక్టీస్‌కి కూడా బాగుంటుంది, క్యాన్సర్ అని అప్పుడే తెలిసిన పేషెంట్‌లా మాట్లాడమని చెప్పి చెడ్డవార్త ఎలా చెప్పాలో నేర్పే స్పైక్స్ స్టెప్స్ ప్రాక్టీస్ చేయొచ్చు, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఎవరికీ నొప్పి కలగదు. కాకపోతే అది ఎప్పుడూ జవాబిస్తుంది, నిజం మనిషి చాలాసేపు ఏమీ మాట్లాడడు, ఆ మౌనంలో మనం ఏదో ఒకటి వాగకుండా కూర్చోవడం మాత్రం వార్డ్‌లోనే వస్తుంది.

చివరిగా ఒకటి, దీని గురించి స్టూడెంట్స్ మధ్య మాటలు చాలా తక్కువ. మనం వాడుతున్నట్టే పేషెంట్లూ వాడుతున్నారు. 2025లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ గ్రూప్ జర్నల్‌లో ఒక కేస్ రిపోర్ట్ వచ్చింది, అరవై ఏళ్లాయన, తిండిలో క్లోరైడ్ తగ్గించాలనుకుని, చాట్‌జీపీటీని అడిగాక, ఉప్పు బదులు సోడియం బ్రోమైడ్ తెప్పించుకుని మూడు నెలలు వాడాడు. పక్కింటివాళ్లు విషం పెడుతున్నారేమో అంటూ ఎమర్జెన్సీకి వచ్చాడు, తర్వాత లేనివి కనిపించడం, వినిపించడం మొదలైంది, మూడు వారాలు హాస్పిటల్‌లో ఉన్నాడు. ల్యాబ్‌లో క్లోరైడ్ బాగా ఎక్కువ చూపించింది, బ్రోమైడ్‌ని మెషీన్ క్లోరైడ్‌గా లెక్కేయడం వల్ల. బ్రోమిజం, అంటే ఒంట్లో బ్రోమైడ్ పేరుకుని విషంలా పనిచేయడం, అనేది మన తరం పుస్తకాల్లో ఒక మూలన ఉండే పాత జబ్బు, ఇప్పుడిలా కొత్త దారిలో వచ్చింది. ఆయన చాట్‌లో సరిగ్గా ఏముందో డాక్టర్లు చూడలేకపోయారు, వాళ్లే వేరేగా అడిగి చూస్తే మాత్రం జవాబులో బ్రోమైడ్ పేరు వచ్చింది, ఎందుకు అడుగుతున్నావని అది తిరిగి అడగలేదు, డాక్టరైతే మొదట అడిగేది అదే.

అందుకే ఈమధ్య డ్రగ్ హిస్టరీ తీసుకునేటప్పుడు, ఓవర్ ది కౌంటర్ మందులు, నాటుమందులు, సప్లిమెంట్స్ అడిగాక, ఇంకో ప్రశ్న కలుపుతున్నా, "దీని గురించి ఫోన్‌లో గానీ ఏఐలో గానీ ఏమైనా చూశారా అండీ, చూసి ఏమైనా మొదలుపెట్టారా, లేక ఏదైనా మానేశారా" అని. మానేశారా అన్నది తప్పకుండా అడగాలి, అడిగితేనే చెప్తారు. అడిగేటప్పుడు గొంతులో వెక్కిరింపు ఉండకూడదు, ఉంటే ఫోన్ జేబులోకి వెళ్లిపోతుంది. "ఏం చెప్పిందో చూపిస్తారా, కలిసి చూద్దాం" అంటే చాలామంది చూపిస్తారు. మీ పోస్టింగ్‌లో కూడా అడిగి చూడండి, ఏం జవాబులు వస్తున్నాయో నాకూ చెప్పండి, పేషెంట్ వివరాలు లేకుండా.